తవ్వకముందే తేలాల్సిన లెక్క: గనుల ప్రీ ఫీజిబిలిటీ అధ్యయనాలపై సమీక్ష

2023 ఫిబ్రవరిలో జమ్మూ కశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియం దొరికిందన్న వార్త దేశమంతా పాకింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) ప్రకటన మాత్రం ఆచితూచి ఉంది. అది జీ-3 స్థాయి అన్వేషణలో, పరిమిత ఆధారాలతో వేసిన వనరుల అంచనా. ఆ టన్నులు లోహానివి కావు, లిథియం కొద్ది పాళ్లలో కలిసి ఉన్న ముడి ఖనిజానివి. ఆ రాతి నుంచి లిథియాన్ని ఏ పద్ధతిలో విడదీయాలి, ఎంత ఖర్చవుతుంది, హిమాలయ పాదాల్లో వ్యర్థాలను ఎక్కడ పోయాలి అన్న ప్రశ్నలకు అప్పటికి జవాబులు లేవు. తర్వాత ఆ బ్లాకును వేలానికి పెడితే తగినంతమంది బిడ్డర్లు రాలేదు.

భూమిలో ఖనిజం ఉండటానికీ గని సాధ్యం కావడానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచేదే ప్రీ ఫీజిబిలిటీ అధ్యయనం. పెట్టుబడిదారులు, ఇంజనీర్లు, ప్రభుత్వ శాఖలు, గని పక్కన బతకాల్సిన ఊళ్లు దాని నుంచి వేర్వేరు జవాబులు ఆశిస్తున్నారు. అందుకే దాని మీద చర్చ చిక్కుపడింది. ఆ అధ్యయనం ఎలా పుట్టింది, దాని చుట్టూ ఏ వాదాలు నిలబడ్డాయి, మన దేశంలో అది ఏ రూపం తీసుకుంది, ఏ ప్రశ్నలు ఇంకా తేలలేదు అన్నవి ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

## మూడు దశలు, మూడు ప్రశ్నలు

అన్వేషణలో ఆశాజనకమైన నిక్షేపం కనిపించాక, నిర్మాణం మొదలయ్యేలోపు సాధారణంగా మూడు అధ్యయనాలు జరుగుతాయి.

| దశ | అడిగే ప్రశ్న | ఖర్చు అంచనాలో ఒప్పుకునే తేడా | దాని ఆధారంగా జరిగే నిర్ణయం |
|---|---|---|---|
| స్కోపింగ్ | ఇక్కడ గని వచ్చే వీలుందా? | 30 నుంచి 50 శాతం అటూ ఇటూ | ఇంకా డ్రిల్లింగ్‌కు డబ్బు పెట్టాలా? |
| ప్రీ ఫీజిబిలిటీ | ఉన్న దారుల్లో ఏది మేలు? | 20 నుంచి 30 శాతం | ఒక దారి ఖాయం చేయాలా, ఆపేయాలా? |
| ఫీజిబిలిటీ | ఎంచుకున్న దారిలో కచ్చితంగా ఎంత ఖర్చు, ఎంత రాబడి? | 10 నుంచి 15 శాతం | అప్పు, నిర్మాణం |

నడిమి దశ మొదటిదాని కన్నా కాస్త మెరుగైన అంచనా, మూడోదాని కన్నా కాస్త ముతక అంచనా అనిపించవచ్చు. అది చేసే పని మాత్రం మిగతా రెండింటికీ లేనిది. ఓపెన్ కాస్టా, భూగర్భ గనా? ఏడాదికి ఎన్ని టన్నులు? ఖనిజాన్ని ఏ రసాయనంతో విడదీయాలి? వ్యర్థ బురదను నిలిపే టైలింగ్ పాండ్ ఏ లోయలో కట్టాలి? నీళ్లు, కరెంటు ఎక్కడి నుంచి తేవాలి? ఈ ప్రశ్నలన్నిటికీ ఒకటికి మించిన జవాబులను పక్కపక్కన పెట్టి పోల్చేది ఈ దశలోనే. ఫీజిబిలిటీకి వెళ్లేసరికి దారి ఒక్కటే మిగులుతుంది.

ఈ ఎంపిక ఎంత దూరం పోతుందో కడప జిల్లా తుమ్మలపల్లె చూపిస్తుంది. అక్కడ యురేనియం డోలోమైట్ రాతిలో ఉంది. మామూలుగా యురేనియాన్ని ఆమ్లంతో కరిగించి తీస్తారు. కార్బొనేట్ రాతి మీద ఆమ్లం పోస్తే యురేనియం కన్నా ముందు రాయే దాన్ని తాగేస్తుంది. అందుకే అక్కడ క్షారంతో, అధిక పీడనం, వేడి కింద ఖనిజాన్ని విడదీసే పద్ధతి ఎంచుకున్నారు. ఒక్కసారి ఆ నిర్ణయం జరిగాక మిల్లు యంత్రాలు, రసాయనాల ఖర్చు, వ్యర్థంలో మిగిలే లవణాలు అన్నీ దాని వెంటే వచ్చాయి. టైలింగ్ పాండ్ వల్ల భూగర్భజలాలు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. నిర్వహిస్తున్న యురేనియం కార్పొరేషన్ దాన్ని తోసిపుచ్చింది. ఆ వివాదం ఎటు తేలినా, దానికి మూలమైన ప్రశ్నలు, అంటే ఏ ప్రక్రియ, ఏ చోటు, అడుగున ఏ పొర అన్నవి, ముందస్తు అధ్యయనానికి చెందినవే.

## మోసాలు, పతనాల నుంచి పుట్టిన నియమాలు

ఖనిజాన్ని నమ్మకం స్థాయిని బట్టి విడగొట్టే ఆలోచన పాతదే. తర్వాత అమెరికా అధ్యక్షుడైన గనుల ఇంజనీరు హెర్బర్ట్ హూవర్ 1909లో రాసిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ మైనింగ్’లోనే రుజువైన ఖనిజం, ఉండే అవకాశం బలంగా ఉన్న ఖనిజం, ఆశించదగ్గ ఖనిజం అని మూడు తరగతులు చేశాడు. అయితే ఈ విభజనలకు కట్టుబడి తీరాలన్న నియమం రావడానికి షేర్ మార్కెట్ దెబ్బలు అవసరమయ్యాయి.

1969–70లో పశ్చిమ ఆస్ట్రేలియాలో నికెల్ దొరికిందన్న వార్తతో పొసైడన్ కంపెనీ షేరు ఒక డాలరు లోపు నుంచి కొద్ది నెలల్లో 280 డాలర్లకు ఎగబాకి, తర్వాత కూలిపోయింది. ఆ నేపథ్యంలోనే, ఖనిజ నిల్వలను ప్రకటించే తీరుకు నియమాలు రూపొందించడానికి 1971లో జార్క్ (జేఓఆర్‌సీ) కమిటీ ఏర్పడింది, దాని మొదటి నియమావళి 1989లో వచ్చింది. 1997లో ఇండొనేసియాలోని బుసాంగ్ దగ్గర బ్రె-ఎక్స్ అనే కెనడా కంపెనీ చూపించిన భారీ బంగారు నిక్షేపం ఉత్త బూటకమని, నమూనాల్లో బయటి బంగారం కలిపారని తేలింది. నమూనాలే కల్తీ అయినప్పుడు వాటి మీద కట్టిన ఏ ఇంజనీరింగ్ లెక్కకూ విలువ లేదు. దాని తర్వాత 2001లో కెనడా ఎన్ఐ 43-101 నిబంధన అమల్లోకి తెచ్చింది. అర్హత గల నిపుణుడు తన పేరుతో బాధ్యత వహించడం, నివేదిక బహిరంగంగా ఉండటం దాని మూలసూత్రాలు.

ఈ నియమావళుల్లో ప్రీ ఫీజిబిలిటీకి ఒక ద్వారపాలక పాత్ర దక్కింది. భూగర్భ ఆధారాలు ఎంత గట్టివైనా, తవ్వడం గిట్టుబాటని తేలేదాకా అది ‘వనరు’ మాత్రమే. ‘నిల్వ’ అనిపించుకోవాలంటే కనీసం ప్రీ ఫీజిబిలిటీ జరగాలని 2012 జార్క్ నియమావళి తప్పనిసరి చేసింది. అమెరికాలో చాలాకాలం పూర్తి ఫీజిబిలిటీ ఉంటేనే నిల్వగా ఒప్పుకునేవారు. 2018లో ఆమోదించి 2021 నుంచి అమలు చేస్తున్న ఎస్-కె 1300 నిబంధనతో అక్కడా ప్రీ ఫీజిబిలిటీ సరిపోతోంది. దీన్ని ప్రపంచ ఏకరూపత అని కొందరు మెచ్చుకుంటే, గడప ఎత్తు తగ్గించడమని మరికొందరు చూస్తారు.

ఐక్యరాజ్యసమితి 1997లో తెచ్చిన వర్గీకరణ (యూఎన్ఎఫ్‌సీ) మరో దారి పట్టింది. ప్రతి నిక్షేపానికీ మూడంకెల సంకేతం. మొదటి అంకె ఆర్థిక లాభం, రెండోది అధ్యయన స్థాయి, మూడోది భూగర్భ ఆధారం. 111 రుజువైన నిల్వ, 121, 122 సంభావ్య నిల్వలు, 333 ఊహించిన వనరు. మధ్యలో ఉన్న 2 అంకె ప్రీ ఫీజిబిలిటీ జరిగిందనడానికి గుర్తు. భారత గనుల బ్యూరో లెక్కల్లో ఈ సంకేతాలే కనిపిస్తాయి. రియాసీ ఈ కొలమానంలో ‘నిల్వ’కు ఇంకా చాలా దూరాన ఉంది.

## నాలుగు ఆలోచనా ధోరణులు

### 1. ఇంజనీరింగ్ క్రమశిక్షణ వాదం

భారీ ప్రాజెక్టులు చెడేది నిర్మాణంలో కాదు, ముందు ప్రణాళికలో అన్నది ఈ వాదం. వందల పెద్ద పారిశ్రామిక ప్రాజెక్టులను పరిశీలించిన ఎడ్వర్డ్ మెరో 2011లో వెలువరించిన పుస్తకంలో వాటిలో 65 శాతం విఫలమయ్యాయని తేల్చాడు. ముందు దశల్లో చాలినంత పని చేయకపోవడాన్ని ప్రధాన కారణాల్లో ఒకటిగా చూపాడు. ప్రీ ఫీజిబిలిటీలో అన్ని దారులనూ పోల్చకుండా ఫీజిబిలిటీకి పరిగెత్తితే, తప్పు దారినే ఎంతో కచ్చితంగా డిజైన్ చేసినట్టవుతుందని ఈ ధోరణి వారి హెచ్చరిక.

ఉజ్జాయింపు సూత్రాలు ఎక్కడిదాకా పనికొస్తాయన్న చర్చ కూడా ఇక్కడిదే. గని ఆయుష్షు ఏళ్లలో తెలియాలంటే, నిక్షేపం మిలియన్ టన్నుల్లో ఎంతో దాని నాలుగో మూలాన్ని సుమారు 6.5తో హెచ్చించాలని టేలర్ సూత్రం చెబుతుంది. 10 కోట్ల టన్నుల నిక్షేపానికి దాదాపు 20 ఏళ్లు వస్తాయి. స్కోపింగ్‌లో ఇది చాలు. ప్రీ ఫీజిబిలిటీలోనూ దీనితోనే సరిపెట్టుకుంటే పోలిక అన్నది జరగనట్టే.

### 2. పక్షపాత వాదం

ఎంత క్రమశిక్షణ ఉన్నా, లెక్క కట్టేవారికి ప్రాజెక్టు ముందుకు సాగాలన్న కోరిక ఉంటే అంచనా ఒకవైపే ఒరుగుతుందన్నది ఈ ధోరణి. బెర్టిసెన్, డేవిస్ అనే పరిశోధకులు 2008లో 63 గనుల, లోహ పరిశ్రమల ప్రాజెక్టులను పరిశీలించి, ఫీజిబిలిటీ అంచనాల కన్నా అసలు నిర్మాణ వ్యయం సగటున 14 శాతం ఎక్కువైందని చూపారు. పొరపాట్లు యాదృచ్ఛికమైతే ఎక్కువలూ తక్కువలూ సరితూగాలి. సగటే ఒకవైపు పోతోందంటే కారణం గణితంలో మాత్రమే లేదు. రోడ్లు, రైల్వేల మీద బెంట్ ఫ్లైబ్యర్గ్ చేసిన పరిశోధన కూడా ఈ వాదానికి బలమిచ్చింది.

ఉదాహరణలు చిన్నవి కావు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని రావెన్స్‌థార్ప్ నికెల్ గనిని బీహెచ్‌పీ 2004లో సుమారు 105 కోట్ల డాలర్లతో ఆమోదించింది. ఖర్చు దాదాపు 220 కోట్లకు చేరింది. 2008లో ప్రారంభమై, నికెల్ ధర కూలడంతో 2009 జనవరిలో మూతపడి, 34 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. చిలీ, అర్జెంటీనా సరిహద్దులో బ్యారిక్ తలపెట్టిన పాస్కువా-లామా బంగారు గని 2009లో సుమారు 300 కోట్ల డాలర్ల అంచనాతో మొదలై 850 కోట్ల దాకా పోయి 2013లో ఆగింది. ఈ వాదులు సూచించే మందు ఒకటే: అధ్యయనం చేసే సలహా సంస్థకు తర్వాతి పనుల కాంట్రాక్టులతో సంబంధం ఉండకూడదు, పూర్తయిన పాత గనుల అసలు ఖర్చులతో కొత్త అంచనాలను సరిచూడాలి.

### 3. ఐచ్ఛిక విలువ వాదం

మొదటి రెండు ధోరణులూ మంచి అంచనా సాధ్యమేనని నమ్ముతాయి. ఈ మూడో ధోరణికి ఆ నమ్మకం తక్కువ. 20 ఏళ్ల తర్వాత రాగి ధర ఎంతో ఎవరికీ తెలియనప్పుడు, ఒకే ధరతో నికర వర్తమాన విలువ (భవిష్యత్తు రాబడి, ఖర్చులకు ఇవాళ్టి విలువ) కట్టడం తప్పుదారి పట్టిస్తుందంటుంది. 1985లో బ్రెనన్, ష్వార్ట్జ్ అనే పరిశోధకులు గనిని ఒక హక్కుల కట్టగా లెక్కించారు: తెరిచే హక్కు, ధర పడితే తాత్కాలికంగా మూసే హక్కు, వదిలేసే హక్కు. ఈ చూపులో ప్రీ ఫీజిబిలిటీ అంటే కొద్ది ఖర్చుతో సమాచారం కొని, పెద్ద ఖర్చును వాయిదా వేసుకునే అవకాశం. ‘ఇప్పుడు వద్దు’ అన్నది కూడా విలువైన ఫలితమే.

సిద్ధాంతంగా దీన్ని కాదనేవారు తక్కువ, ఆచరణలో వాడేవారూ తక్కువే. బ్యాంకులు అడిగేది ఇప్పటికీ పాత పద్ధతి లెక్కే. ఆ పాత లెక్కలో మరో లోపం ఉంది. 10 శాతం తగ్గింపు రేటు పెడితే, 30 ఏళ్ల తర్వాత ఖర్చయ్యే రూపాయికి ఇవాళ్టి విలువ ఆరు పైసలైనా ఉండదు. గని మూసివేత, నీటి శుద్ధి, డంపుల మీద మొక్కల పెంపకం అన్నీ చివర్లో వచ్చే ఖర్చులే. అందువల్ల మూసివేతకు మంచి డిజైన్, చెడ్డ డిజైన్ రెండూ లెక్కలో దాదాపు సమానంగా కనిపిస్తాయి. గని పోయాక అక్కడే ఉండే ఊరికి ఆ తేడా మొత్తం భారమై మిగులుతుంది.

### 4. సామాజిక సాధ్యత వాదం

లోహం, డబ్బు సరిపోయినా మనుషులు ఒప్పుకోకపోతే గని సాధ్యం కాదన్నది నాలుగో ధోరణి. దీనికి బలమైన సాక్ష్యాల్లో ఒకటి మన పొరుగునే ఉంది. ఒడిశాలో నియమగిరి బాక్సైట్‌ను నమ్ముకుని లాంజిగఢ్‌లో వేదాంత రిఫైనరీ ముందే కట్టేశారు. 2010లో కేంద్రం అటవీ అనుమతి నిరాకరించింది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. 12 గ్రామసభలూ గనిని తిరస్కరించాయి. రిఫైనరీ దూరప్రాంతాల బాక్సైట్ మీద ఆధారపడాల్సి వచ్చింది. విశాఖ ఏజెన్సీ కథా ఇలాంటిదే. బాక్సైట్ వస్తుందన్న భరోసాతో మాకవరపాలెం దగ్గర రిఫైనరీ లేచింది, ఆదివాసుల వ్యతిరేకత ముందు తవ్వకాలు మొదలే కాలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు లీజులు చెల్లవన్న 1997 సమత తీర్పు అప్పటికే ఉంది. అక్కడ బాక్సైట్ తవ్వకానికి వీలిస్తూ 2015 నవంబరులో ఇచ్చిన 97వ నంబరు జీవో 2019లో రద్దయింది.

సెర్బియాలోని జాదార్ లిథియం ప్రాజెక్టుకు రియో టింటో ముందస్తు అధ్యయనాలన్నీ చేసి, 2021 జులైలో 240 కోట్ల డాలర్లు ప్రకటించింది. వీధుల్లోకి వచ్చిన జనం ఒత్తిడికి 2022 జనవరిలో ప్రభుత్వం అనుమతులు వెనక్కి తీసుకుంది. తర్వాత అవి తిరిగొచ్చినా వివాదం ఆరలేదు. ఇక 2019 జనవరిలో బ్రెజిల్‌లోని బ్రుమాదిన్హో టైలింగ్ డ్యామ్ తెగి 270 మంది చనిపోయాక, 2020లో వచ్చిన అంతర్జాతీయ టైలింగ్ ప్రమాణం కొత్త డ్యామ్‌లకు చోట్లు, పద్ధతుల ప్రత్యామ్నాయాలను పోల్చి తీరాలంది. ఆ పోలిక జరగాల్సింది ప్రీ ఫీజిబిలిటీలోనే.

### ధోరణుల పోలిక

మొదటి ధోరణి దృష్టిలో లోపం పనిలో ఉంది, రెండోదాని దృష్టిలో పని చేసేవారి ప్రయోజనాల్లో, మూడోదాని దృష్టిలో లెక్క పద్ధతిలో, నాలుగోదాని దృష్టిలో ఎవరిని అడిగామన్నదాంట్లో. మొదటి రెండింటికీ అంకెలు, సాక్ష్యాలు ఎక్కువ. మూడోదానికి సిద్ధాంత బలం ఎక్కువ. నాలుగోదానికి ఆగిపోయిన ప్రాజెక్టులే సాక్ష్యం. అయితే అభ్యంతరం ఎంత బలంగా ఉంటుందో ముందే కొలిచే నమ్మకమైన సాధనం దాని దగ్గర ఇంకా లేదు. ఒక్క విషయంలో నాలుగూ కలుస్తాయి: దారులు తెరిచి ఉన్న దశలో చేసిన దిద్దుబాటు చౌక, కాంక్రీటు పోశాక చేసినది ఖరీదు.

## మన దేశంలో ఒకే పేరుతో రెండు పత్రాలు

భారతదేశంలో ఈ చర్చకు అదనపు చిక్కు ఉంది. ప్రీ ఫీజిబిలిటీ అన్న పేరు రెండు వేర్వేరు పత్రాలకు నడుస్తోంది.

ఒకటి ఖనిజ నిబంధనలది. నిల్వల వర్గీకరణ కోసం 2015 నాటి ఖనిజ సాక్ష్యాల నియమాల్లో దాని స్వరూపం ఉంది. రెండోది పర్యావరణ అనుమతులది. 2006 సెప్టెంబరు నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు పర్యావరణ అనుమతి కోరే గని తన దరఖాస్తుతో ప్రీ ఫీజిబిలిటీ నివేదిక జత చేయాలి. దాన్ని చూసే నిపుణుల కమిటీ పర్యావరణ ప్రభావ అధ్యయనానికి పరిధి నిర్ణయిస్తుంది. దీనికి స్థలం, పునరావాసం, ఖర్చు, కాలక్రమం లాంటి శీర్షికలున్నాయి. విమర్శకుల అభ్యంతరం ఏమిటంటే, ఈ రెండోది ఆచరణలో తరచూ అప్పటికే తేల్చుకున్న ఒకే పద్ధతి వర్ణనగా మిగులుతోంది. పోలిక ఉండాల్సిన చోట ప్రతిపాదన ఉంటోంది. ప్రాజెక్టు కర్తల జవాబు: ప్రత్యామ్నాయాల విశ్లేషణకు ప్రభావ అధ్యయనంలో వేరే అధ్యాయం ఉంది, మొదటి దరఖాస్తులోనే అంతా అడిగితే ఏళ్లు గడుస్తాయి.

వేలం విధానం మరో ముడి. కెనడా, ఆస్ట్రేలియాల్లో చిన్న కంపెనీలు సొంత డబ్బుతో వెతికి, అధ్యయనాలు చేసి, ఆ నిక్షేపం మీద హక్కు నిలుపుకుంటాయి. మన దగ్గర 2015 సవరణ తర్వాత ప్రభుత్వ సంస్థలు అన్వేషించిన బ్లాకులను వేలం వేస్తారు. గని లీజుకు సాధారణంగా జీ-3 కన్నా ఒక మెట్టు పైదైన జీ-2 స్థాయి అన్వేషణ చాలు. అన్వేషణ, తవ్వకం కలిసిన కాంపోజిట్ లైసెన్సుకు ఇంకా తొలి దశ ఆధారాలతోనే వేలం వేయవచ్చు. అంటే బిడ్డరు ఖనిజ విలువలో ఎంత శాతం ఇస్తాడో ముందు చెప్పి, గిట్టుబాటు లెక్క తర్వాత కట్టుకోవాలి. 2020లో ఒడిశా ఇనుప ఖనిజం వేలాల్లో ప్రీమియంలు 90 శాతం దాటాయి. వేలాన్ని సమర్థించేవారు పారదర్శకతను చూపుతారు. 2015కు ముందు కేటాయింపుల చరిత్ర చూస్తే ఆ వాదన తేలిగ్గా కొట్టివేయదగ్గది కాదు. వ్యతిరేకులు అధ్యయనానికి ముందే ధర కట్టమనడం ఊహాగానానికి పిలుపంటారు. 29 కీలక, లోతట్టు ఖనిజాలకు 2023లో తెచ్చిన అన్వేషణ లైసెన్సు, వెతికినవారికి వేలం ప్రీమియంలో వాటా ఇస్తూ మధ్యేమార్గం చూపింది. అది ఎంత ఫలిస్తుందో చూడాలి.

## తేలని ప్రశ్నలు

ఎవరు చదవాలి? జార్క్, ఎన్ఐ 43-101 నియమాలు మదుపరిని కాపాడటానికి పుట్టాయి. గని పక్క ఊరు వాటి దృష్టిలో ముఖ్య పాఠకుడు కాదు. మన దేశంలో ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ప్రభావ అధ్యయన సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. ప్రీ ఫీజిబిలిటీ నివేదికకు ఆ నియమం లేదు. దారులు తెరిచి ఉన్నప్పటి పత్రం ఇంగ్లిషులో, దారి మూసుకున్నాక వచ్చే పత్రం సారాంశంగా తెలుగులో అందుతోంది.

ఎంత తొందర? విద్యుత్ వాహనాలకు, సౌర ఫలకాలకు లిథియం, రాగి, నికెల్ కావాలి. గనులు తెరవడానికి పట్టే కాలం తగ్గించాలన్న ఒత్తిడి నిజమైనది. అధ్యయనాల దశలను కుదించాలని కొందరు అడుగుతున్నారు. నియమగిరి, పాస్కువా-లామా చూపించేది వేరు: ముందు మిగిల్చిన నెలలు తర్వాత ఏళ్లుగా ఖర్చయ్యాయి.

సమ్మతి ఎప్పుడు? షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం (పెసా), అటవీ హక్కుల చట్టం గ్రామసభకు గొంతునిచ్చాయి. ఆ గొంతు వినాల్సింది నివేదిక పూర్తయ్యాకా, దారులు పోల్చేటప్పుడా? ముందే అడిగితే వివరాలు చాలవని, తర్వాత అడిగితే నిర్ణయం అయిపోయిందని రెండు అభ్యంతరాలూ ఉన్నాయి.

ఆపడాన్ని ఎలా లెక్కించాలి? నిజాయితీగా చేసిన ఒక అధ్యయనం గని వద్దని చెబితే, దాన్ని నష్టంగా చూసే అలవాటు పరిశ్రమలోనూ ప్రభుత్వంలోనూ ఉంది. దాన్ని విజయంగా గుర్తించే ప్రోత్సాహకాలు ఎలా ఉండాలో ఎవరూ స్పష్టంగా చెప్పలేదు.

## ముందుకు సాగాలంటే

ఈ నాలుగు ధోరణుల్లో ఒకటి గెలిచి మిగతావి ఓడిపోయే వివాదం కాదిది. గనులు అక్కర్లేదనడం సులువు కాదు, రాళ్లలో ఖనిజం ఉంది కాబట్టి తవ్వి తీరాలనడం న్యాయమూ కాదు. ఉన్న సాక్ష్యం మేరకు మన దేశానికి మూడు మార్పులు వెంటనే సాధ్యం. వేలానికి ముందే, ప్రభుత్వ ఖర్చుతో, కనీసం రెండు మూడు తవ్వకం, వ్యర్థ నిర్వహణ దారులను, గని తెరవకపోవడమనే దారితో సహా పోల్చిన అధ్యయనం జరగాలి. మూసివేత, నీటి ఖర్చులను తగ్గింపు రేటు కింద కరిగిపోనివ్వకుండా విడిగా చూపాలి. ఆ పోలికను స్థానిక భాషలో గ్రామసభ ముందు పెట్టాలి. ఇందులో కొత్త చట్టం కన్నా ఎక్కువ కావాల్సింది, ఈ పత్రాన్ని అనుమతి కోసం నింపే ఫారంగా చూడటం మానేయడం. దారి ఇంకా ఖాయం కాని చోట వేసిన ప్రశ్నకే గనిని మార్చే శక్తి ఉంది. ఆ ప్రశ్న వేసే హక్కు పెట్టుబడిదారుకు ఎంత ఉందో, ఆ నేల మీద బతికే మనిషికీ అంతే ఉండాలి.